చెరువు పచ్చబడిన కార్తీకం

నవంబర్ 8, 2018, గురువారం

అత్తయ్య పొద్దున్నుంచి అన్నం ముట్టలేదు. నా మీద అలక. నిన్న దీపావళికి చిచ్చుబుడ్లు వెలిగించి చప్పట్లు కొట్టిన మనిషి, ఈ కార్తీకం చెరువు స్నానాలు వద్దని నేననగానే గోడవైపు తిరిగి పడుకుంది.

చెప్పక ఏం చెయ్యను? ఆగస్టు నుంచి చూస్తున్నాను, మా రాయపూర్ రైల్వే కాలనీ పట్టాలవతలి చెరువు రంగు. మొదట పలచగా, పప్పు కడిగిన నీళ్ళలా ఉండేది. వినాయకుడి నిమజ్జనం నాటికి చిక్కబడింది. దసరా తర్వాత పైన మీగడ కట్టింది, పచ్చటి మీగడ. జాము సీసాలో పట్టుకెళ్ళి, నేను పాఠం చెప్పే కాలేజీలో మైక్రోస్కోపు కింద పెట్టాను. అనుమానం లేదు. అందరూ నాచు అంటారు గానీ నాచు కాదు, సయనోబాక్టీరియా. గుత్తులు గుత్తులుగా, ఒక్కొక్క కణంలో గాలి తిత్తులు. వాటిలో కొన్ని విషం తయారు చేస్తాయి. అది తిన్నగా కాలేయం మీదకే పోతుంది.

ఆవిడ కాలేయం సంగతి ఆవిడకి తెలియదా? రెండేళ్ళ కిందట కామెర్లొచ్చి ఆసుపత్రిలో పడుకున్నప్పుడు, డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి చెప్పింది నేను మర్చిపోలేదు. బతికారు, ఇంకోసారి మాత్రం దెబ్బ తగలకూడదు అన్నాడు. కార్తీక స్నానమంటే ఊరికే మునగడం కాదు కదా, మూడు పుడిసిళ్ళు నోట్లో కూడా పోసుకుంటారు.

ఇదంతా చెప్పాను. మొత్తం విని, "నాను ఈ కాలనీకి కొత్త కోడలిగా వొచ్చిన కాడ్నించి ఒక్క కార్తీకం తప్పలేదు. అప్పుడు లేని జబ్బు ఇప్పుడు నీ బూతద్దంలోంచి వొచ్చిందేటి?" అంది.

మా ఆయన దుర్గారావుగారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. రైల్వే వ్యాగన్లు బాగుచేసే షాపులో సుత్తుల మోతకి అలవాటుపడ్డ చెవులు, ఇంట్లో మోత వినిపించదు.

నవంబర్ 9

పొద్దున్న నేను లేచేసరికి బాత్రూంలో కుళాయి చప్పుడు. చెంబుతో నీళ్ళు పోసుకుంటూ ఏదో స్తోత్రం. బయటికొచ్చి నాకేసి చూడకుండా తులసికోట దగ్గరికి వెళ్ళిపోయింది.

గెలిచాను.

నవంబర్ 11, ఆదివారం

ఈ రోజు మాట్లాడింది. ఉప్మాలో ఉప్పు తక్కువైందని. అదే చాలు.

ఇదే సందనుకుని, పక్కన కూర్చుని నిదానంగా చెప్పాను. ఎమ్మెస్సీ నాటి పుస్తకంలో ఉన్నదంతా. చలిదేశాల సరస్సుల్లో వీటికో వరస ఉంటుంది. చలికాలమంతా అడుగున బురదలో పడి నిద్రపోతాయి. వసంతం రాగానే ముందు వేరే సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటిని నీటి పురుగులు తినేస్తాయి, కొన్నాళ్ళు నీళ్ళు అద్దంలా తేటబడతాయి. తర్వాత ఎండలు ముదిరి నీళ్ళు కదలకుండా వేడెక్కినప్పుడు ఇవి లేస్తాయి. గాలి తిత్తులున్నాయి కాబట్టి పైకి తేలి వెలుతురంతా ఇవే తాగుతాయి, కింద ఉన్నవాటికి నీడ. చలిగాలులు మొదలవగానే పైనీళ్ళు చల్లబడి కిందికి దిగుతాయి, చెరువు మొత్తం కలగలుపు అవుతుంది. అప్పుడు వీటి ఆట కట్టు. మళ్ళీ బురదలోకే.

"అయితే చలి పడితే పోతాదంటావ్."

"పోతుంది అత్తయ్యా."

"పోలికి పోతాదా?"

పోలి అంటే కార్తీక అమావాస్య మర్నాటి పాడ్యమి, కథలో కోడలు పోలి బొందితో స్వర్గానికి వెళ్ళిన రోజు. తెల్లవారకముందే అరటి దొప్పల్లో ఒత్తులు వెలిగించి నీళ్ళ మీద వదులుతారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఈ రైల్వే కుటుంబాలు ఏ పండగ మర్చిపోయినా అది మర్చిపోవు. ఈసారి డిసెంబర్ ఎనిమిది.

"పోతుంది. స్నానాలు ఇంట్లో చెయ్యండి. పోలి నాటికి చెరువు తేటబడుతుంది, నేనే దగ్గరుండి తీసుకెళ్తాను," అన్నాను.

"మాటేనా?"

"మాటే."

ఆ పుస్తకం రాసినాయన రాయపూర్‌లో ఒక్క నవంబరు కూడా గడిపి ఉండడు. ఇక్కడ ఇంకా ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

నవంబర్ 14

నిన్న సాయంత్రం, ఈ రోజు పొద్దున్న ఛఠ్ పూజ. సూర్యుడికి అర్ఘ్యం ఇవ్వడానికి బిహారీ కుటుంబాలన్నీ నడుం లోతు పచ్చనీళ్ళలో నిలబడ్డాయి. కనీసం నీళ్ళు నోట్లో పోసుకోకండని చెబుదామని నిన్న సాయంత్రం వెళ్ళాను. ఎన్నికల ఆటో మైకు రొదలో నా మాట నాకే వినపడలేదు. ఒకావిడ మాత్రం "కుఛ్ నహీ హోతా బహెన్‌జీ", ఏమీ కాదులే అని, ఠేకువా ప్రసాదం చేతిలో పెట్టి పంపించింది.

మా ఇంట్లో ఒక్క మనిషైనా నా మాట విన్నది.

నవంబర్ 15

చెరువులో పచ్చ కొంచెం తగ్గినట్టుంది.

నవంబర్ 17, శనివారం

కాలేజీ నుంచి వస్తూ చెరువు దగ్గర ఆగాను. మధ్యాహ్నం గాలికి పచ్చదనమంతా ఒక గట్టుకి చేరింది, మిగతా నీళ్ళు నల్లగా మెరుస్తున్నాయి. కొంచెం తగ్గినట్టే. అసలు గొడవ తెల్లవారుజామునే. గాలి ఉండదు, చెరువు కదలదు, రాత్రంతా నెమ్మదిగా పైకి తేలి అన్నీ మీగడలా పరుచుకుంటాయి. సరిగ్గా కార్తీక స్నానాల వేళకి. వీటికి పంచాంగం ఎవరు చెప్పారో గానీ.

పాలబూత్ దగ్గర ఈ మధ్య రద్దీ ఎక్కువైందట. అత్తయ్య చీకటితో వెళ్ళి నేను లేచాక గానీ రావడం లేదు. నేను వెళ్తానంటే ఒప్పుకోదు. పక్క క్వార్టర్ శ్రీలక్ష్మి తోడుంటుందట. రాగానే స్నానం. పాపం, పెద్దావిడ, ఎంత ఓపికో.

మోచేతుల మీద గోక్కుంటోంది. చలికి చర్మం పొడిబారుతోంది కాబోలు. కొబ్బరినూనె రాశాను. చేతులు చాపి రాయించుకుంది.

నవంబర్ 20

ఓటేసి వచ్చాం. అత్తయ్య వేలి మీద సిరా చూపించి ఫోటో తియ్యమంది.

చెరువు అలాగే ఉంది.

నవంబర్ 23, శుక్రవారం

పౌర్ణమి. ఇంటి ముందు ఒత్తులు వెలిగించాం.

దండెం మీద అత్తయ్య ముతక చీర ఆరేసి ఉంది. అంచు వెంట పచ్చటి చార, గోరుతో గీస్తే రాలింది. పెరట్లో కుళాయి గచ్చు నాచు పట్టి ఉంది. తుడిపించాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను. అదే అంటి ఉంటుంది.

అదే.

రేపు గచ్చు రుద్దిస్తాను.

నవంబర్ 24

గచ్చు రుద్దించాను. దాని నాచు ముదురు రంగు. చీర మీదది కాదు.

ఇంకేదో అయి ఉంటుంది.

నవంబర్ 27, మంగళవారం

రాస్తే మనసు కుదుటపడుతుందేమో.

పొద్దున్న అత్తయ్యకి నాలుగు వాంతులు. నిన్న కార్తీక సోమవారం, పగలంతా ఉపవాసం ఉండి నక్షత్రాలు చూశాక తిన్నది. ముందు అదే అనుకున్నాను. మొహం తుడుస్తుంటే కళ్ళ కొసలు పసుపు పచ్చగా కనిపించాయి. తుండు మీద కూడా పసుపు. కార్తీకం కదా, మొహానికి పసుపు రాసుకుంటుంది, అదీ ఇదీ కలిసిపోయి ఏది ఏమిటో తేలలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కనురెప్ప పైకెత్తి చూశాను. తెల్లగానే ఉందనిపించింది. మళ్ళీ చూశాను. పచ్చగా ఉందనిపించింది.

అప్పుడు శ్రీలక్ష్మి వచ్చింది. అత్తయ్యని చూసి గుమ్మంలోనే నిలబడిపోయి, "నాన్చెప్పాను పిన్నీ, ఈ రోజు వొద్దు, చలిగుంది అని," అంది. అని నాలిక కరుచుకుంది.

"ఏది వద్దన్నావు?" అన్నాను.

శ్రీలక్ష్మి అత్తయ్యకేసి చూసింది.

పాలబూత్‌లో రద్దీ. రాగానే స్నానం. చీర అంచు. మోచేతుల దురద. వృక్షశాస్త్రం పాఠం చెప్పే నేను, మైక్రోస్కోపు కింద కంటికి కనపడనివి వెతికే నేను, ఇంట్లో మనిషి రోజూ చెరువులో మునిగి వస్తుంటే కుళాయి చప్పుడు విని గెలిచానని రాసుకున్నాను. ఎంత బాగా గెలిచానో!

"మొదటి రోజు నుంచీనా?" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నోట్లో పోసుకున్నారా? చెప్పండి! నోట్లో పోసుకున్నారా లేదా?"

నాకేసి ఒక్క చూపు చూసి కళ్ళు మూసుకుంది. మళ్ళీ మళ్ళీ అడిగాను. ఆవిడ మొండితనం నాకు తెలుసు. తప్పు చెయ్యకపోతే గట్టిగా వాదిస్తుంది. ఇలా నోరు మూసుకుంది అంటే ఏమనుకోను?

షాపుకి ఫోను చేశాను. మా ఆయన పరుగున వచ్చారు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి, రక్తం తీసుకుని, కాలేయం పరీక్ష రిపోర్టు ఎల్లుండి ఇస్తామన్నారు. డాక్టరుకి చెరువు సంగతంతా చెప్పాను. ఆయన రాసుకున్నాడు గానీ తల పైకెత్తలేదు.

సాయంత్రానికి ఇంటికి పంపించేశారు.

నవంబర్ 28

వాంతులు తగ్గాయి. జావ తాగింది. నాతో మాట్లాడదు.

కాలేజీకి వెళ్ళలేదు. ఆవిడ నిద్రపోతుంటే మంచం పక్కన కూర్చుని ఊపిరి చూస్తున్నాను. ఈ మనిషి లేకపోతే నాకు ఉద్యోగమే లేదు. పెళ్ళైన కొత్తలో, కోడలు ఎమ్మెస్సీ చదివి ఎవర్ని ఉద్ధరించాలని మామయ్యగారు అంటే, "మొక్కల్ని ఉద్దరిస్తాది, నీకేటి?" అని ఆయన మీదకి లేచింది. పరీక్షల రోజుల్లో నా వంతు గిన్నెలు కూడా తనే తోమింది. ఆ చదువుతోనే నిన్న ఆవిణ్ణి నేరస్తురాలిలా నిలదీశాను.

నాకు భయంగా ఉంది. ఈ పుస్తకంలో ఇన్నాళ్ళూ కోపమని రాసిందంతా భయమే.

చలికాలం వస్తుంది, చెరువు తేటబడుతుంది అని చెప్పాను. నేనెప్పుడూ చూడని సరస్సుల్ని నమ్ముకుని మాటిచ్చాను. మరి ఆవిడ చూసిన చెరువుని ఆవిడ నమ్ముకుంది. ఇందులో ఆవిడ తప్పేముంది?

మా ఆయన్ని అడిగాను, మీకు తెలుసా అని. "నాకేం తెలుసు? డ్యూటీకి వెళ్ళి పడుకోవడం తప్ప," అన్నారు ఫ్యాను వైపు చూస్తూ. తెలుసు.

నవంబర్ 29, గురువారం

దేవుడా! ముందు అదొక్కటి రాసుకుని తర్వాత మిగతాది రాస్తాను.

కాలేయం బాగుంది. అన్ని అంకెలూ ఉండవలసిన చోటే ఉన్నాయి. రిపోర్టు డాక్టరు చేతిలో ఉండగానే తలకిందులుగా నేనే చదివేసుకున్నాను. ఆయన అత్తయ్యకేసి తిరిగి, "లివర్ ఏక్‌దమ్ ఠీక్ హై మాజీ. ఉపవాస్ కే బాద్ ఖాయా క్యా థా?" అన్నాడు, ఉపవాసం తర్వాత ఏం తిన్నారని.

అత్తయ్య నేలకేసి చూస్తూ, "మిర్చీ భజియా," అంది.

"కిత్నా?"

"థోడా."

పక్కనుంచి మా ఆయన, "థోడా కాదు డాక్టర్ సాబ్, ప్లేటు నిండా," అన్నారు. పగలంతా ఖాళీ కడుపు, చీకటి పడ్డాక ప్లేటు నిండా మిరపకాయ బజ్జీలు. వాంతులు అందుకు. చేతుల మీద దద్దురు మాత్రం నీళ్ళదే కావచ్చు, ఆ చెరువుకి దూరంగా ఉండమని మందు రాసిచ్చాడు.

ఆటోలో కూర్చున్నాక ఏడుపొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. ఆటో అబ్బాయి అద్దంలోంచి చూస్తున్నాడు, చూడనీ అనుకున్నాను. అత్తయ్య కాసేపు బయటికి చూసి, నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఓలమ్మా, ఎందుకే అలాగేడుస్తావు? నాను నోట్లో ఏసుకోలేదే."

"ఏమిటి?"

"నోట్లో ఏసుకోవొద్దన్నావు కదా. ఏసుకోలేదు. సోడా సీసా నిండా మన కుళాయి నీలు అట్టుకెల్లీదాన్ని. మూడు పుడిసిల్లూ ఆ నీలే. ముక్కు మూసుకుని, నోరు బిగబట్టుకుని ములిగీసి, ఇంటికొచ్చి మల్లీ సబ్బెట్టి తానం సేసీదాన్ని. నువ్వు పేపరంటించావు కదా వంటింట్లో, ఆ నీలు తగిల్తే కడుక్కోమని. శ్రీలక్ష్మి చేత సదివించుకున్నాను."

నేను వింటున్న కుళాయి అదన్నమాట. రెండో స్నానం.

"మరి మొన్న అన్నిసార్లు అడిగితే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వడిగింది అడగడమేటి? ఠాణాలో అడిగినట్టడిగావు. నానేటి దొంగనా?"

"అసలు మునగొద్దని కూడా చెప్పాను కదా!"

"అదొక్కటే ఇనలేదు," అంది అత్తయ్య. "మిగతాయన్నీ ఇన్నాను."

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి దగ్గు పట్టుకుంది. మా ఆయన ముందు సీటులోంచి వెనక్కి తిరిగి నీళ్ళ సీసా ఇచ్చారు. ఇంట్లో సోడా సీసా. అదే.

ఇంటికొచ్చాక క్షమించమని అడిగాను. "పోలి దాకా ఇంక ఇంట్లోనే తానాలు," అంది, తనంతట తనే. "నువ్వలా ఏడిస్తే నాకు పున్నెమేటొస్తాది?"

ఈ పూట కడుపు నిండా తిన్నాను. కంచంలో ఏం పెట్టారో గుర్తులేదు.

నవంబర్ 30

లేవగానే కుళాయి చప్పుడు. లేచి వెళ్ళి, తలుపు సందులోంచి వస్తున్న ఆవిరి చూసి మరీ వచ్చి పడుకున్నాను.

డిసెంబర్ 3, సోమవారం

చలి పడింది. దుప్పట్లు తీశాను. అత్తయ్య ఉపవాసం మానలేదు గానీ చీకటి పడ్డాక పెరుగన్నం తిన్నది, నా కళ్ళ ముందు.

తెల్లారుతుండగా ఇద్దరం చెరువు చూడ్డానికి వెళ్ళాం. శాలువాలు కప్పుకుని గట్టు మీద నిలబడ్డాం. ఉత్తరపు గాలి సన్నగా వీస్తోంది. మీగడ విరిగింది. తునకలు తునకలుగా అవతలి గట్టుకి కొట్టుకుపోతోంది. మెట్ల దగ్గర నీళ్ళు ఇంకా పచ్చగానే ఉన్నాయి గానీ, మొదటి మెట్టు కనిపిస్తోంది. కిందటి నెల అది కూడా లేదు.

"నీ బుక్కు గెలిసింది," అంది అత్తయ్య.

గెలిచిందో లేదో నాకు తెలియదు. చలికి దిగాయో, గాలికి జరిగాయో. ఆ మాటే చెప్పాను, తెలియదని. చచ్చిపోలేదు, అడుగున పడుకుంటాయి, వేసవి కాగానే లేస్తాయి, చలిదేశాల్లో ఉన్నంత నిద్ర కూడా ఇక్కడ ఉండదేమోనని చెప్పాను.

"పడుకోనీ. మనకి పోలి పోతే సాలు."

డిసెంబర్ 8, శనివారం

పోలి వెళ్ళింది.

శ్రీలక్ష్మి పెరట్లో అరటి బోదె నిన్న సాయంత్రమే ఒలిచి దొప్పలు చేసిపెట్టింది. అత్తయ్య ఒత్తులు నెయ్యిలో నానబెట్టింది. ఇంకా చీకటిగా ఉండగానే బయల్దేరాం, మా ఆయన టార్చి పట్టుకుని ముందు. కాలనీ తెలుగువాళ్ళంతా మెట్ల మీదే ఉన్నారు. రాత్రి గాలి లేదేమో, చెరువు కదలకుండా ఉంది. మెట్ల దగ్గర పల్చగా మళ్ళీ పచ్చటి పొర కట్టింది. మాటిచ్చింది నేను.

మెట్ల మీద అత్తయ్య శ్రీలక్ష్మితో అంటోంది, "పోలి కతలో అత్త కోడల్ని తానానికి ఎల్లనివ్వదు. మా ఇంట్లో కోడలే అత్తని ఎల్లనివ్వదు. సొర్గానికి ఎవులు పోతారో సూడాల." పక్కనున్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను.

ఒక్కొక్కరే దొప్పలు వదిలారు. పక్కనుంచి వదిలినవి నెమ్మదిగా జరిగాయి. అత్తయ్య వంగి తన దొప్ప నీళ్ళ మీద పెట్టింది. చేతులు నీళ్ళకి తగలకుండా, అంచులు వేళ్ళ కొసలతో పట్టుకుని, జాగ్రత్తగా. పెట్టి నాకేసి చూసింది, చూశావా అన్నట్టు. దొప్ప అక్కడే నిలబడిపోయింది. పచ్చటి పొర దాని చుట్టూ అంటుకుంది. ఒత్తులన్నీ నిటారుగా వెలుగుతున్నాయి గానీ కదలిక లేదు.

మూడుసార్లు చేత్తో నీళ్ళు తోసి పోలిని సాగనంపాలి. అత్తయ్య తోయలేదు. చేతులు రెండూ శాలువాలో దాచుకుని నిలబడింది. తాకొద్దని నేనే చెప్పాను కదా, ఈసారి ఆ మాట కూడా విన్నది. దీపాన్ని చూస్తోంది, కళ్ళలో నీళ్ళు.

నేను మెట్టు దిగాను. చెప్పులతోనే. వంగి రెండు చేతులూ మణికట్టు దాకా ఆ పచ్చనీళ్ళలో ముంచి తోశాను. చల్లగా, జిగటగా ఉంది. ఒకసారి. పొర చీలింది. రెండోసారి. దొప్ప ఊగింది. మూడోసారికి పొర దాటి నల్లటి నీళ్ళలోకి జారి, మిగతా దీపాల వెనకే మెల్లగా వెళ్ళిపోయింది.

"పోయిందే! పోయింది నా పోలి!" అని అత్తయ్య చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

లేచి నిలబడ్డాను. చేతుల నుంచి పచ్చగా కారుతోంది. అత్తయ్య శాలువాలోంచి సోడా సీసా తీసింది. నిండా కుళాయి నీళ్ళు. కొంగు ముడిలోంచి సబ్బు బిళ్ళ తీసింది.

"కడుక్కో," అంది. "నోట్లో ఎట్టుకోకు."

కడుక్కున్నాను.